ఆవుకు ఐదు కాళ్లుంటే తప్పేమీ లేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల నిండా ఆవులు, కోళ్లు, గొర్రెలే. ప్లే స్కూళ్లన్నింటిలో ఒకేసారి ‘పొలం’ పాఠం మొదలైనట్టుంది. లేకపోతే ఇంతమంది అమ్మానాన్నలు పేపర్ ప్లేటుకు పంది ముక్కు ఎలా అంటించాలా అని టెన్షన్ పడరు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను, పేర్లు తీసేశాను. ‘చిన్నపిల్లలు’ అన్నచోటల్లా రెండేళ్లు దాటి ఆరేళ్లు నిండనివాళ్లని అనుకోండి.

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. వీడియో చూసి పేపర్ ప్లేటు గొర్రె చేయిద్దామని రాత్రి చాలాసేపు కూర్చుని చెవులు, కాళ్లు, ముఖం అన్నీ కత్తిరించి పెట్టాను. పొద్దున తను రెండు దూది ఉండలు అంటించి, మిగతా దూది తీసుకెళ్లి బొమ్మకు దుప్పటిలా కప్పింది. మళ్లీ గొర్రె వైపు చూడలేదు. మేడమ్, తనకు శ్రద్ధ తక్కువా?

శ్రద్ధకేం లోటు లేదమ్మా, తనకు మీరు మిగిల్చిన పనే తక్కువ. గీసింది మీరు, కత్తిరించింది మీరు, ఏది ఎక్కడ అంటించాలో చెప్పిందీ మీరే. పాప భాగానికి దూది అద్దడం ఒక్కటే వచ్చింది. అది రెండుసార్లు చేసింది, తెలిసిపోయింది, ఇంకో పని వెతుక్కుంది. బొమ్మకు దుప్పటి కప్పాలన్న ఆలోచన మాత్రం పూర్తిగా తనది. నన్నడిగితే ఆ పొద్దున జరిగిన వాటిలో మంచి పని అదే.

ఏ బొమ్మ మొదలుపెట్టినా ముందు ఒక్క సంగతి చూసుకోండి: ఇందులో పిల్ల చెయ్యి చేసేది ఏమిటి? ఆ చేతికి ఇప్పుడు ఏం వచ్చు? రెండేళ్ల పిల్ల క్రేయాన్‌ను పిడికిలితో పట్టుకుంటుంది. గీత వేలి కొసల నుంచి రాదు, భుజం నుంచి వస్తుంది. అందుకే కాగితం దాటి నేల మీదకు పోతుంది. మూడేళ్ల దగ్గర గుండ్రం గీయడం వస్తుంది. నాలుగేళ్లకు కూడిక గుర్తు, ఆ తర్వాత చతురస్రం. త్రిభుజం చాలామందికి ఐదేళ్ల వరకూ కుదరదు. కత్తెర కూడా అంతే. మూడేళ్లకు చిన్న చిన్న గాట్లు పెట్టగలరు, గీత వెంబడి కత్తిరించడం ఇంకో ఏడాది తర్వాతి మాట. కొందరు ముందుంటారు, కొందరు వెనకుంటారు, దాని గురించి పక్కింటివాళ్లతో పోల్చుకోకండి.

ఇప్పుడు అదే గొర్రెను మూడేళ్ల చేతికి తగ్గట్టు మార్చి చూడండి. దళసరి కాగితం ఒకటి ఇవ్వండి. ఒక చెంచా మైదా చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరో అరకప్పు నీళ్లు పోసి, జిగురుగా నిగనిగలాడే వరకూ ఉడికించి చల్లార్చండి. కొన్న గమ్ కంటే ఇది ఎక్కువసేపు తడిగా ఉంటుంది, అంటించినదాన్ని జరుపుకోవచ్చు. పిల్లలకు కావాల్సింది అదే. మూతలో కొంచెం పోసి ఇచ్చి వేలితో పూయమనండి. దూది ఉండలు చేసి ఇవ్వకండి, చుట్ట ఇచ్చి పీక్కోమనండి. ఆ పీకడంలోనే వేళ్లకు బోలెడంత పని. కాళ్లు క్రేయాన్‌తో తనే గీస్తుంది. ఐదు రావచ్చు, ఏడు రావచ్చు, అన్నీ ఒకే పక్క రావచ్చు. రానివ్వండి. పచ్చ కాగితం పొడవు ముక్కగా కోసి ఇస్తే అంచు పొడుగునా కత్తెరతో గాట్లు పెడుతుంది, అదే గడ్డి. కత్తెర ఇంకా రాకపోతే చింపమనండి. చింపిన కాగితం గడ్డిలాగే ఉంటుంది, కత్తిరించినదాని కంటే బాగుంటుంది కూడా.

పందిని అయితే ఇంకా సులువుగా చేయొచ్చు. గులాబీ రంగు పూయించి, ఆరాక బురద ఇవ్వండి. బురదంటే గోధుమ రంగులో వాడేసి ఎండబెట్టిన టీ పొడి కలపడమే. గరుకుగా, ముద్దగా ఉంటుంది. మొదటి రంగు దగ్గర నిమిషం కూర్చోని పిల్ల ఈ బురద పూయడం ఆపదు. పంది మొత్తం కనిపించకుండా పోతుంది. ‘అయ్యో, పాడైపోయింది’ అనకండి. బురదలో దొర్లిన పంది అలాగే ఉంటుంది మరి. పందికి మనలా ఒళ్లు చల్లబడేంత చెమట పట్టదు, బురద పూసుకునే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. ఆ మాట పిల్లకు చెబుతూ పూయనివ్వండి.

రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా కాలాన్ని గీకుడు దశ అని విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో రాశాడు. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో చిత్రకళ బోధించిన మనిషి. ఈ దశ చివర్లో పిల్లలు వంకర గీతలు గీసి ‘ఇది ఆవు’ అని పేరు పెడతారు. మనకు ఆవు కనిపించదు. కనిపించనక్కర్లేదు. గీతకూ లోపలి ఆలోచనకూ ముడి పడిందన్నమాట. అప్పుడు ‘ఏది, తోక ఎక్కడ?’ అని అడగడం కంటే ‘ఈ ఆవు ఏం చేస్తోంది?’ అని అడిగితే కథ వస్తుంది.

ప్రశ్న: నాకు బొమ్మలు గీయడం అస్సలు రాదు. కొడుకు ‘నాన్నా, గుర్రం గీయి’ అంటే ఫోన్ ఇచ్చేస్తున్నాను. ఏం చేయమంటారు?

రాకపోవడమే మంచిదండీ. బాగా గీసే పెద్దవాళ్ల పక్కన కూర్చున్న పిల్లలు తమ గీత చూసుకుని ‘నాకు రాదు’ అని క్రేయాన్ పక్కన పెట్టేస్తారు. మీ గుర్రం వాడి గుర్రం కంటే ఘోరంగా ఉంటే వాడికి ధైర్యం వస్తుంది. గీయండి, ఫోన్ జేబులో ఉంచుకోండి.

ప్రశ్న: మా నాలుగేళ్ల బాబు కూరగాయ ముక్క ముట్టడు. ప్లేటులో పందిముఖం, కోడిపిల్లలా సర్ది పెడితే తింటారని అంటున్నారు. నిజంగా తింటారా? ఏమేం పెట్టొచ్చు, ఏవి పెట్టకూడదు?

మొదటి రోజు తింటాడు. రెండో రోజు ‘మళ్లీ పంది చెయ్యి’ అంటాడు. మూడో రోజు పందిని చూసి ముచ్చటపడి, చుట్టూ ఉన్న బ్రెడ్డు మాత్రం తింటాడు. మీరు గంట కష్టపడి చెక్కిన చెవి అలాగే మిగులుతుంది. కొందరు పిల్లలైతే కోడిపిల్లను తినమంటే ఏడుస్తారు. దానికి కళ్లు పెట్టిందీ, పేరు పెట్టిందీ మనమే కదా!

రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య కొత్త తిండి అంటే భయపడటం సహజం. ఒక కొత్త రుచికి అలవాటు పడాలంటే చాలామంది పిల్లలకు అది ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేను సార్లు కూడా ఎదురుగా రావాలి. మనం మూడోసారికే ‘వీడికి క్యారెట్ ఇష్టం లేదు’ అని తేల్చేస్తాం. పిల్లల పోషణ మీద పనిచేసిన ఎలిన్ సాటర్ చెప్పిన పద్ధతి నాకు చాలా ఇష్టం: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్లు నిర్ణయిస్తారు. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లలు నిర్ణయిస్తారు. ఈ గీత దాటకపోతే ఇంట్లో సగం గొడవలు ఉండవు.

కాబట్టి పందిని మీరు చేయకండి, వాణ్ని చేయనివ్వండి. చిన్న గిన్నెల్లో ముక్కలు విడివిడిగా పెట్టి ఖాళీ ప్లేటు ఇవ్వండి. గుండ్రంగా కోసిన బ్రెడ్డు, చీజ్ పలక, అరటిపండు చక్రాలు, మెత్తగా ఉడికిన క్యారెట్ ముక్కలు, కీరదోస పలుచటి ముక్కలు, సగానికి కోసిన ఉడికిన గుడ్డు, ఉడికించి కాస్త చిదిమిన బఠాణీలు ఉంటే చాలు. బ్రెడ్డు మీద వెన్న రాసి, ఖర్జూరం గుజ్జు మచ్చలు మచ్చలుగా అద్దితే తెలుపు నలుపు ఆవు. గుడ్డు పచ్చసొన చిదిమి ముద్ద చేసి, క్యారెట్ ముక్క గుచ్చితే కోడిపిల్ల. బ్రెడ్డు పొడవు ముక్కలు అడ్డంగా నిలువుగా పేరిస్తే కంచె. గిన్నెలో చిక్కటి పెరుగు పోసి పైన బ్రెడ్డు పొడి చల్లితే మట్టి. అందులో ఉడికిన క్యారెట్లు నాటి, ఒక్కొక్కటే పీకి తినడం పిల్లలకు మహా సరదా. పని చేస్తూ వేళ్లు నాకుతాడు. ఆ నాకుడును కూడా ఒకసారి రుచి చూసినట్టే లెక్కేసుకోండి. తినకపోతే ఏమీ అనకండి, పొగడకండి, బతిమాలకండి. ఇంకో రోజు మళ్లీ గిన్నెలు బయటికి తీయండి.

ఇక పెట్టకూడనివి. ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. వీడియోల్లో అందంగా కనిపించే పొలం చిరుతిళ్లలో గొంతుకు అడ్డం పడేవి చాలా ఉన్నాయి. చిన్నపిల్లల గాలిగొట్టం సన్నం, నమిలే అలవాటు ఇంకా కుదిరి ఉండదు. ద్రాక్షపండు గుండ్రంగా, మెత్తగా ఉండి గొట్టాన్ని బిరడాలా మూసేస్తుంది. ఐదేళ్ల దాకా దాన్ని నిలువుగా నాలుగు ముక్కలు చేయాల్సిందే. అడ్డంగా కోస్తే లాభం లేదు, గుండ్రం గుండ్రంగానే ఉంటుంది. చిన్న టమాటాలకూ ఇదే మాట. గొర్రె బొచ్చు అని పాప్‌కార్న్ అంటిస్తారు, నాలుగేళ్లలోపు పిల్లలకు అది పెట్టకూడదు. మార్ష్‌మెలోలతో గొర్రెలు చేస్తారు, అవీ అంతకంటే నయం కాదు, నోట్లో జిగురై అతుక్కుంటాయి. గింజపప్పులు ఐదేళ్ల వరకూ గుండుగా వద్దు, పొడి చేసో, పలుచగా పేస్టు రాసో పెట్టండి. పచ్చి క్యారెట్, గట్టి యాపిల్ ముక్కలుగా కాకుండా తురిమి పెట్టండి లేదా ఉడికించండి. కాళ్లకని టూత్‌పిక్‌లు గుచ్చకండి. ఏడాది నిండని తమ్ముడో చెల్లో ఇంట్లో ఉంటే తేనె వాళ్ల దాకా రానివ్వద్దు. ఆ వయసులో తేనె నుంచి బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. అన్నిటికంటే ముఖ్యం, పరిగెడుతూ, నవ్వుతూ కాకుండా కూర్చుని తినాలి, పక్కన ఒక పెద్దమనిషి ఉండాలి.

ప్రశ్న: నేను ప్రీస్కూల్ టీచర్‌ని. ఇరవై మంది పిల్లలు, నలభై నిమిషాలు, స్టవ్ లేదు, ఓవెన్ లేదు. బొమ్మా తిండీ రెండూ కలిసొచ్చేలా ఏదైనా చెప్పండి.

వెన్న తీయించండి. ఇంతకు మించినది నాకు తెలియదు.

కనీసం 35 శాతం కొవ్వున్న క్రీమ్ కావాలి. ప్యాకెట్ వెనక చదవండి, గట్టిపడే పదార్థాలు కలిపినదీ, కొవ్వు తగ్గించినదీ వద్దు. బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలు నాలుగు తీసుకుని, ఒక్కోదాంట్లో మూడో వంతు మాత్రమే పోయండి. ఊగడానికి చోటు లేకపోతే వెన్న రాదు. ఫ్రిజ్ నుంచి తీసి అరగంట బయట ఉంచండి. మరీ చల్లగా ఉంటే ఆలస్యం, వెచ్చబడితే జిడ్డుగా కరుగుతుంది. ఐదుగురికి ఒక సీసా. ఒకరు ఊపుతుంటే మిగతా నలుగురు పది దాకా లెక్కపెడతారు, ఆ తర్వాత సీసా పక్కవాళ్ల చేతికి వెళ్తుంది.

పిల్లల్ని చెవులు రిక్కించి వినమనండి. మొదట గలగల చప్పుడు. కాసేపటికి చప్పుడే ఉండదు, క్రీమ్ నురగై సీసా గోడలకు అంటుకుంటుంది. ఇక్కడే పిల్లలు ‘అయిపోయింది టీచర్’ అంటారు, కొత్త టీచర్లు కూడా అంటారు. ఆపొద్దు. ఇంకాసేపు ఊపితే ఉన్నట్టుండి లోపల ముద్ద ఒకటి ధబ్ ధబ్‌మని తగులుతుంది, పక్కన పలుచటి మజ్జిగ. మామూలుగా పది పదిహేను నిమిషాల పని. పాలలో కొవ్వు చిన్న చిన్న బిందువులుగా ఉంటుంది, ఒక్కోదాని చుట్టూ సన్నటి పొర. ఊపినకొద్దీ పొరలు చిరిగి బిందువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పిల్లలకు ‘కొవ్వు చుక్కలు చేతులు పట్టుకున్నాయి’ అంటే సరిపోతుంది. మజ్జిగ వంపేసి, ముద్దను చన్నీళ్లతో ఒకసారి కడిగి, చిటికెడు ఉప్పు వేసి బ్రెడ్డు మీద రాయండి. తను ఊపిన వెన్న తిననన్న పిల్లను నేను చూడలేదు. పాలు పడనివాళ్లు, గోధుమ పడనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో ముందురోజే తల్లిదండ్రుల్ని అడిగి తెలుసుకోండి.

మిగతా పావుగంటలో సీసాకు అంటించడానికి ఆవు బొమ్మ ఉన్న చీటీ పిల్లలే గీస్తారు. ఎలాగూ మీకు ఓపిక ఉందని ఉత్తరం చూస్తే తెలుస్తోంది కనుక ఇంకో మాట. 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం బడి తెరిచిన ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ కాగితం మడవడం, అల్లడం, మట్టి పిసకడంతో పాటు మొక్కలు పెంచుకోవడానికి పిల్లలకు విడివిడిగా చిన్న చిన్న మడులు కూడా ఇచ్చాడు. ఎవరి మడి వాళ్లది. మీ కిటికీ గట్టు మీద ఇరవై కప్పులు పట్టినా చాలు.

ప్రశ్న: నేను పొలం పనిలో పెరిగినవాణ్ని. మనవరాలి పుస్తకంలో క్యారెట్లు మొక్క పైన వేలాడుతున్నాయి, ఆవుకు గుర్రం గిట్టలు, కొమ్ములున్నది ఎద్దట, లేనిది ఆవట! దిద్దబోతే కోడలు ‘చిన్నపిల్ల కదా మామయ్యా, వదిలేయండి’ అంటోంది. దిద్దాలా, వదలాలా?

అయ్యా, మీరిద్దరూ సగం సగం కరెక్టు. మనవరాలు గీసినదాన్ని దిద్దకండి. పెద్దవాళ్లు అచ్చువేసినదాన్ని తప్పకుండా దిద్దండి. పిల్ల ఐదు కాళ్ల ఆవును గీస్తే అది ఆమె చూపు. పుస్తకం క్యారెట్‌ను కొమ్మకు వేలాడదీస్తే అది అబద్ధం, అంతే.

దిద్దడం కూడా ‘ఇది తప్పు’ అని మొదలుపెట్టకండి. చేతికి పని ఇవ్వండి. కోడి అడుగు ఎలా ఉంటుందో మీకు తెలుసు, ముందుకు మూడు వేళ్లు, వెనక్కి ఒకటి. మూడు పళ్ల ఫోర్కును రంగులో ముంచి అద్ది, వెనక వైపు మన వేలితో ఒక గీత పెడితే సరి. బంగాళాదుంప సగం కోసి మధ్యలో గాడి తీస్తే ఆవు గిట్ట. గుర్రానిది ఒకే గిట్ట కనుక గాడి లేకుండా అద్దాలి. బాతుకు వేళ్ల మధ్య తోలు ఉంటుంది. పెద్ద కాగితం నేల మీద పరిచి ‘ఈ దారిన ఎవరెవరు వెళ్లారు?’ అని ఆడండి. పుస్తకంలోని ఆవు గిట్టలు తప్పని మనవరాలే మీకు చెబుతుంది.

కొమ్ముల సంగతి కూడా చెప్పండి. చాలా జాతుల్లో ఆవులకూ కొమ్ములుంటాయి, కొన్ని జాతుల్లో ఎద్దులకు కూడా ఉండవు. ఆవుకు పైదవడ ముందు పళ్లు ఉండవు, అక్కడ గట్టి చిగురు మాత్రమే. నాలుకతో గడ్డి చుట్టి లాక్కుంటుంది. ఈ ఒక్క ముక్క చెబితే పిల్లలు పావుగంట నాలుకలు బయట పెట్టి గడ్డి మేస్తారు. మేక, గొర్రె కళ్లలో నల్లపాప గుండ్రంగా ఉండదు, అడ్డంగా పరిచిన పలకలా ఉంటుంది. దానివల్ల వాటికి తల తిప్పకుండానే చుట్టుపక్కల చాలా మేర కనిపిస్తుంది. బొమ్మ గొర్రెకు ఆ కన్ను పెట్టి చూడండి, ఎంత తేడా వస్తుందో.

నేల కింద కాసే వాటికి ఒక దళసరి కాగితం మధ్యలో గీత గీయండి. పైన ఆకాశం, కింద మట్టి. క్యారెట్, ముల్లంగి కింద అంటిస్తారు. వేరుశెనగ దగ్గర ఆగండి. దాని పువ్వు నేల పైన పూస్తుంది. ఫలదీకరణం అయ్యాక పువ్వు అడుగు నుంచి ఊడలాంటిది కిందికి సాగి మట్టిలోకి దిగి, అక్కడ కాయ కడుతుంది. పసుపుపచ్చ కాగితం పువ్వుకు నూలు దారం కట్టి, గీత దాటించి, కింద కాయను అంటిస్తే మీరు పొలంలో చూసింది కాగితం మీదకు వచ్చినట్టే. మీకు తెలిసినంత ఏ పుస్తకానికీ తెలియదు, బతిమాలించుకోకుండా చెప్పండి.

ఒక హెచ్చరిక: క్యారెట్ తల కోసి నీళ్లలో పెడితే ఇంకో క్యారెట్ వస్తుందని పిల్లలకు మాట ఇవ్వకండి. ఆకులు మాత్రమే వస్తాయి. మట్టిలో నాటితే పువ్వు, విత్తనం దాకా వెళ్లొచ్చు, దుంప మాత్రం మళ్లీ రాదు. కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు, బాతుగుడ్డుకు 28. కాగితం గొలుసులో 21 కడియాలు వేసి రోజుకొకటి చింపితే, ఎదురుచూడటం అంటే ఏమిటో వాళ్లకు చేతికి తెలుస్తుంది.

మీ ఉత్తరం చివర్లో పుస్తకాల్లో పశువుల కొట్టాలన్నీ ఎర్రగానే ఎందుకు ఉంటాయని అడిగారు. అవిసె నూనెలో ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పు రంగు, కలిపి పూసేవారు. చవక, చెక్క తొందరగా పాడవదు. ఉత్తర అమెరికాలో ఆ ఎరుపే స్థిరపడిపోయింది, అక్కడి బొమ్మల పుస్తకాల నుంచి అందరికీ పాకింది. మనవరాలు తన కొట్టాన్ని ఊదారంగులో వేస్తే వేయనివ్వండి.

ప్రశ్న: గింజలు అంటించి కోడిపుంజు చేయమని పెద్దపాపకు స్కూల్లో చెప్పారు. ఇంట్లో చిన్నవాడికి రెండేళ్లు, దొరికిందల్లా నోట్లో, ముక్కులో పెట్టుకుంటాడు. భయంగా ఉంది.

మీ భయం సరైనదే. చిన్నవాడు నిద్రపోయాక పెద్దపాపతో ఎత్తైన బల్ల మీద చేయించండి, తర్వాత నేల తుడవండి. టాయిలెట్ పేపర్ అట్టగొట్టంలో పట్టే వస్తువేదైనా మూడేళ్లలోపు పిల్లలకు ప్రమాదమే. అంటించే ప్లాస్టిక్ కళ్లు, గుండీలు, పూసలు అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. ముక్కులో దూరిన చిక్కుడు గింజ తేమకు ఉబ్బుతుంది. దూదిపుల్లతోనో పట్టకారుతోనో తీయబోకండి, ఇంకా లోపలికి పోతుంది, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఎర్రగా ముద్దుగా ఉంటాయని గురివింద గింజలు, నున్నగా ఉంటాయని ఆముదం గింజలు బొమ్మలకు వాడొద్దు. రెండూ విషం. నమిలితే ప్రాణానికే ముప్పు. ఎర్ర రాజ్మా పచ్చిగా తింటే వాంతులు అవుతాయి. చిన్నవాడికి గింజల బదులు మొక్కజొన్న కంకి ఇచ్చి రంగులో దొర్లించి కాగితం మీద తిప్పమనండి. బెండకాయ అడ్డంగా కోసి అద్దితే పువ్వులు. గుడ్ల అట్ట వాడేటప్పుడు గుడ్డు పగిలి అంటినది పారేయండి, శుభ్రంగా ఉన్నది వాడినా చివర్లో సబ్బుతో చేతులు కడిగించండి. గుడ్డు పెంకులైతే ఉడికించాకే.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ పిల్లలకు ‘బెస్ట్ ఫార్మ్ బొమ్మ’ పోటీ పెడుతున్నాం. బహుమతులు ఏం ఇవ్వాలి?

ముందే చెప్పి ఇచ్చేది ఏదీ వద్దు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు గీయడం అప్పటికే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి ‘గీస్తే బహుమతి ఇస్తాం’ అని ముందే చెప్పారు. కొద్దిరోజుల తర్వాత చూస్తే, వాళ్లు తమంతట తాము గీసే సమయం తగ్గిపోయింది. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల రాలేదు. పోటీ మానేసి అన్ని బొమ్మలూ కలిపి ఒకే పెద్ద పొలం చేయండి. అందరికీ తలా ఒక బ్రెడ్డు ఆవు. ‘బెస్ట్’ అనే మాట తీసేస్తే తల్లుల మధ్య గొడవలు కూడా తగ్గుతాయి, అది నా అనుభవం.

ప్రశ్న: ఇల్లంతా కాగితం కోళ్లే. పారేస్తే పాప బాధపడుతుందేమో?

ఫోటో తీసి, తను నిద్రపోయాక పారేయండి. ఒకటి రెండు తనే ఎంచుకుని దాచుకోమనండి. చెత్తబుట్టలో పైన కనిపించేలా మాత్రం వేయకండి.

ప్రశ్న: ఉప్పు పిండితో చేసిన ఆవులు, గొర్రెలు పది రోజులకే మెత్తబడి నల్ల మచ్చలు పడ్డాయి. ఎక్కడ తేడా వచ్చింది?

లోపల ఆరలేదు. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, లావుగా చేస్తే మధ్యలో తడి అలాగే ఉండిపోయి బూజు పడుతుంది. రెండు కప్పుల పిండికి ఒక కప్పు ఉప్పు, ముప్పావు కప్పు నీళ్లు. నీళ్లు ఒక్కసారిగా పోయకండి. ముద్ద చేతికి అంటుకోకూడదు. బొమ్మ మందం అర సెంటీమీటరు దాటనివ్వకండి. లావు ఆవు కావాలంటే లోపల అల్యూమినియం ఫాయిల్‌ను ఉండలా నలిపి పెట్టి, పైన పలుచగా పిండి కప్పండి. ఓవెన్‌లో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు మూడు గంటలు, మధ్యలో తిప్పుతూ ఆరబెట్టండి. వేడి పెంచితే ఉబ్బి పగులుతుంది. పూర్తిగా చల్లారాక రంగు, ఆ తర్వాత పైన వార్నిష్. వార్నిష్ పని మీది.

పచ్చి పిండి నాకనివ్వొద్దు. పచ్చిపిండిలో కడుపు పాడుచేసే సూక్ష్మక్రిములు ఉండొచ్చు, పైగా అంత ఉప్పు చిన్న ఒంటికి మంచిది కాదు. ఇంట్లో కుక్క ఉంటే ఈ బొమ్మలు దానికి అందని ఎత్తులో పెట్టండి. రుచిగా ఉంటుందని కొరికి తింటే ఆ ఉప్పు దానికి విషం అవుతుంది. మచ్చలు పడినవాటిని బాగుచేయడానికి చూడకండి, పారేసి కొత్తవి చేయించండి.